తొట్టెల దారిలో తీగలు

పాతబస్తీలో కరెంటు పనికి కొత్తగా వచ్చే పిల్లలకు ఆఫీసులో ఒక క్యాలెండర్ ఇస్తారు. బిల్లులు తీసే తేదీలు, మెయింటెనెన్స్ వారాలు అందులో ఉంటాయి. దాన్ని గోడకు తగిలించుకోండి, మంచిదే. కానీ మీ పని నడిచేది దాని ప్రకారం కాదు. ఆషాఢం ఎప్పుడు, మొహర్రం నెలవంక ఎప్పుడు, వినాయక చవితి ఎప్పుడు అన్నది చూసుకోండి. నెలవంక ఏటా వెనక్కి జరుగుతుంది కాబట్టి కొన్నేళ్లకోసారి మొహర్రం, బోనాలు పక్కపక్కనే వచ్చి పడతాయి. అప్పుడు మీరు ఇంటికి పోవడం ఉండదు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి.

నేను పత్తర్‌గట్టి వెనక సందులో పుట్టాను. చదువు తెలుగు మీడియంలో. ఇంజనీరు ఉద్యోగం మొదట్లో కొంతకాలం ఆదిలాబాద్ వైపు, తర్వాత దాదాపు అంతా ఇక్కడే. ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో రాస్తే మీకు ఉపయోగం లేదు. పండుగ డ్యూటీ గురించి రాస్తాను. అది మాన్యువల్‌లో ఉండదు.

పండుగకు ఒక ఎత్తు

చూసేవాళ్లకు పండుగ అంటే రంగులు, డప్పులు, జనం. మా పనిలో పండుగ అంటే ఎత్తు, దారి, వేళ. మొహర్రం ఊరేగింపులో ఏనుగు మీద అలం, అంటే పీరు, వస్తుంది. బోనాల్లో ఏనుగు మీద ఘటం వస్తుంది. ఏనుగు అదే కావచ్చు. ఎత్తు మాత్రం అదే అనుకోకండి.

ఏనుగుకంటే మమ్మల్ని ఎక్కువ కష్టపెట్టేది తొట్టెల. వెదురు బద్దలతో గోపురంలా కట్టి, రంగు కాగితాలు అతికించి, మొక్కు తీర్చుకునే ఇంటివాళ్లు అమ్మవారి గుడికి మోసుకుపోయే కానుక అది. తేలికగా ఉంటుంది, గాలికి ఊగుతుంది. కట్టేటప్పుడు దాన్ని ఇంటి ముందు నేల మీద నిలబెట్టి కొలుస్తారు. మోసేటప్పుడు అది మనుషుల భుజాల మీదికి ఎక్కుతుందన్న సంగతి కొలిచేవాళ్లకు గుర్తుండదు. పైన వేపకొమ్మలు కడతారు, అవి కొలతలోకి రావు. ఎవరైనా మాకు ఫలానా ఎత్తు అని చెప్పారంటే, దానికి ఒక మనిషి భుజం, ఒక కొమ్మ కలుపుకొని తీగను చూడండి. ఎవరూ అబద్ధం చెప్పరు. భక్తితో కట్టేవాడికి కొలత గుర్తుండదు, అంతే.

తీగలను భూమిలోకి దించుతారని నేను ఉద్యోగంలో చేరిన రోజు విన్నాను. రిటైరయిన రోజు సన్మాన సభలో కూడా విన్నాను. మీరూ వింటారు. ఈలోగా తీగలు పైకెత్తడానికి వెదురు కర్రలు సిద్ధంగా ఉంచుకోండి.

మేకు పీకించిన ఆఫీసరు

నేను పని నేర్చుకున్న మొదటి ఆఫీసరు తక్కువ మాట్లాడే మనిషి. ఆదిలాబాద్ వైపు ఒక గోండు గూడేనికి కొత్తగా లైను వేస్తున్నాం. స్తంభాలు ఎక్కడ రావాలో మేకులు కొట్టి పెట్టాం. సరళరేఖ, దూరాలు సరిగ్గా ఉన్నాయి. ఆయన వచ్చి చూసి బాగుంది అనలేదు, బాగాలేదు అనలేదు. గూడెం పటేల్‌ను పిలిచి, "దండారి ఆడేటప్పుడు మీరు ఎటు నుంచి ఎటు తిరుగుతరు?" అని అడిగాడు.

దీపావళి రోజుల్లో గోండులు జరుపుకునే పండుగ దండారి. ఒక గూడెం వాళ్లు ఇంకో గూడేనికి అతిథులుగా పోతారు. నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలు వలయంగా తిరుగుతూ ఆడతారు. పటేల్ ఏమీ వర్ణించలేదు. ఆ మైదానంలో ఒకసారి నడిచి చూపించాడు. ఆయన నడక మా మేకు మీదుగా పోయింది.

ఆఫీసరు ఆ మేకు పీకించాడు. లైను వంకర అవుతుందని, ఒక స్తంభం ఎక్కువ పడుతుందని మేం గొణిగాం. ఆయన అన్నది ఇంతే: "స్తంభం ఒకసారి నాటితే మీరు రిటైరయ్యే దాకా ఉంటది. వీళ్ల ఆట మీ తాతలకన్న ముందు నుంచి ఉంది. పక్కకు జరగాల్సింది ఎవరో మీరే చెప్పుర్రి."

ఆ దీపావళికి నేను అక్కడే ఉన్నాను. మొదట మేకు కొట్టిన చోట గుస్సాడీల కాళ్లకింద దుమ్ము లేస్తుంటే చూశాను. అప్పటి నుంచి ఏ ఊరేగింపు దారినైనా మ్యాపులో చూడటం మానేశాను. ముందు రోజు కాళ్లతో నడిచాను. మీరూ నడవండి, జీపులో కూర్చొని కాదు.

నా నమాజు, నా డ్యూటీ

ఇది కూడా చెప్పాలి. నేను నమాజీని. చిన్నప్పుడు మా మస్జిద్ ఇమామ్ హాఫిజ్ సాబ్ దగ్గర మా గ్రంథం మొత్తం కంఠస్థం చేసి నేనూ హాఫిజ్ అనిపించుకున్నాను. పెద్దయ్యాక మా మస్జిద్‌లో రంజాన్ రాత్రుల్లో చేసే తరావీ నమాజులో జమాత్ ముందు, అంటే కలిసి నమాజు చేసే వరుసల ముందు నిలబడి దాన్ని వినిపించే బాధ్యత చాలా ఏళ్లు నాకే ఇచ్చారు. నా జీవితంలో అంతకంటే పెద్ద గౌరవం నేను ఎరగను.

ఆరాధన ఒక్కడికే అన్నది నా విశ్వాసం. బోనం ముందు నేను చేతులు జోడించలేదు, ప్రసాదం తినలేదు. ఎవరి దగ్గరా ఆ సంగతి దాచలేదు, దాని గురించి ఎవరితోనూ వాదించలేదు. గౌలిపురలో పాడి పశువులు పెట్టుకున్న పాత కుటుంబం పెద్ద మల్లేశన్న, నేను కనిపిస్తే చాలు, "సాబ్ ప్రసాదం తినడు, చాయ్ తెండ్రి! చక్కెర జెర ఎక్కువ వెయ్యిండ్రి!" అని వీధంతా వినిపించేలా అరిచేవాడు. అన్ని మతాలూ ఒకటే అని వేదిక మీద ఉపన్యసించడం నాకు రాదు. నాకు అవి ఒకటి కావు. మల్లేశన్నకూ కావు. మేమిద్దరం ఆ సంగతి తెలిసే చాయ్ తాగాం.

కొత్తలో నాకు ఒక సందేహం ఉండేది. బోనాల ఊరేగింపు ముందు నేను నడుస్తున్నాను, ఇది సరైనదేనా అని హాఫిజ్ సాబ్‌ను అడిగాను. ఆయన చాయ్ సాసర్‌లో పోసుకొని ఊదుతున్నాడు.

"తీగ నీకు అప్పజెప్పిన అమానత్ మియా," అన్నాడు. అమానత్ అంటే నమ్మి మన చేతికి ఇచ్చినది, చెడకుండా తిరిగి అప్పగించాల్సినది. "కింద నుంచి ఎవరు పోతున్నరని తీగ అడుగుతదా? నువ్వెందుకు అడుగుతవ్?"

తర్వాత ఆ సందేహం నాకు మళ్లీ రాలేదు.

వెనక నుంచి వచ్చే కరెంటు

మా పనిలో ఒక పాత అలవాటు ఉంది. స్తంభం ఎక్కేవాడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి తన జేబులో వేసుకుని ఎక్కుతాడు. ఫ్యూజు అతని జేబులో ఉన్నంతసేపు కింద ఎవరూ పొరపాటున లైను ఆన్ చేయలేరు. తన ప్రాణం తన జేబులో ఉన్నట్టు. సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకున్నా సరే, అంటే ఫలానా లైను ఆపేశాం, పని చేసుకోండి అన్న అనుమతి వచ్చినా సరే, ఈ అలవాటు మానరు.

సత్తయ్య అనే లైన్‌మన్ జేబులో కూడా ఫ్యూజులు ఉన్నాయి. అయినా తీగ ముట్టుకోగానే కొట్టింది. పక్కనే ఒక ఫంక్షన్ హాలులో జనరేటర్ నడుస్తోంది. జనరేటర్‌కూ బయటి లైనుకూ మధ్య చేంజోవర్ స్విచ్ అని ఒకటి ఉండాలి. అది ఉంటే జనరేటర్ కరెంటు ఇంటి లోపలే ఉంటుంది. లేకపోతే మెయిన్ బోర్డు గుండా వెనక్కి తన్ని, మనం ఆపేశామనుకున్న తీగలోకి వస్తుంది. సత్తయ్య బతికాడు. కుడిచేతి వేళ్లు పోయాయి. మిగతా సర్వీసంతా ఆఫీసులో కుర్చీలు సర్దుతూ గడిపాడు.

అప్పటి నుంచి నేను ప్రతి శాంతి కమిటీ మీటింగ్‌లోనూ చేంజోవర్ స్విచ్ మాటే ఎత్తేవాణ్ణి. పండుగ ముందు ఆ మీటింగ్ పెడతారు. సమోసాలు వస్తాయి. అన్ని మతాల పెద్దలూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి ఫొటో దిగుతారు. నేను లేచి జనరేటర్ల సంగతి చెబితే అందరూ తలూపేవాళ్లు. మా మస్జిద్ కమిటీ పెద్ద సదర్ సాబ్ కూడా ఊపేవాడు, మస్జిద్ జనరేటర్‌కూ ఆ స్విచ్ లేదు. ఆయనకు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం. మస్జిద్ మంచిచెడ్డలన్నీ తన మీద వేసుకున్న మనిషి.

"పెట్టిస్తం మియా, రంజాన్ అయిపోనీ," అనేవాడు. రంజాన్ అయిపోయాక అడిగితే, "బక్రీద్ అయిపోనీ," అనేవాడు. ఫొటోలు దిగడం సులువు. బోర్డు విప్పి స్విచ్ పెట్టడం విసుగు. నేను చూసిన శాంతి కమిటీల గురించి నా అభిప్రాయం ఇంతకు మించి లేదు.

మల్లేశన్న మొక్కు

ఒక ఏడు మల్లేశన్న మనుమరాలికి డెంగ్యూ వచ్చింది. ఆస్పత్రిలో డాక్టర్లు మాట మింగేసిన రోజు ఆయన, పిల్ల బతికితే తన ఇంటి ఎత్తు తొట్టెల కడతానని మొక్కుకున్నాడు. పిల్ల బతికింది. ఆయన ఇల్లు రెండంతస్తులది.

బోనాలకు ముందు నేను దారి నడుస్తూ వెళ్లేసరికి ఆయన వాకిట్లో వెదురు కట్టలు పడి ఉన్నాయి. కట్టలు చూడగానే నాకు సంగతి అర్థమైంది.

"మల్లేశన్నా, ఇది మా మస్జిద్ మూల తిరగదు. అక్కడ తీగ కిందికి ఉంటది. జెర తగ్గియ్యి."

"మొక్కినంక కోత కోస్తరా సాబ్? పిల్లను సగమే బతికియ్యమని అడిగిన్నా నేను?"

"నేను తొట్టెల సంగతి చెప్తున్న."

"నేను గూడ గదే చెప్తున్న. నువ్వు తీగ ఎత్తు, నేను మొక్కు ఎత్తుత. ఇద్దరి పనీ అయితది. ఫికర్ చెయ్యకు, చాయ్ తాగు."

నాతో వచ్చిన లైన్‌మన్ కిష్టయ్య నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఆ తీగ ఎత్తాల్సింది అతనే. "మల్లేశన్నా, నేను పైనుంచి పడితే నాకు గూడ ఒక తొట్టెల మొక్కు," అన్నాడు.

"నువ్వు పడవురా. పడితే మీ ఆవిడ నన్ను బతకనిస్తదా?"

మూల దగ్గర తీగను మిగతా లైను నుంచి విడగొట్టి, కిష్టయ్య ఎక్కి పైకెత్తి కట్టేలా ఏర్పాటు చేశాను. తొట్టెల మూల తిరిగే వేళ సాయంత్రం, చీకటి పడే ముందు అన్నారు. పొద్దు గుంకగానే చేసే మగ్రిబ్ నమాజు కూడా అదే వేళకు.

మైకులో అజాన్

ఆ రోజు మాకు పైఆఫీసరుగా రావుగారు వచ్చారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. ఆయన భయమంతా చేతిలోని ఫోను. గుడి దగ్గర పెద్దవాళ్లు ఎవరో కాచుకుని ఉన్నారట, అటు నుంచి ఒకటే ఫోన్లు.

తొట్టెల మూల దగ్గరికి వచ్చి ఆగింది. నేల మీద కొలిచినదానికంటే భుజాల మీద చాలా పైకి ఉంది, నేను అనుకున్నట్టే. డప్పులు అక్కడే నిలబడి మోగుతున్నాయి. పోతరాజు ఆడి ఆడి ఆయాసపడుతున్నాడు. వెనక జనం నెడుతున్నారు. లైన్ క్లియర్ వచ్చింది. కిష్టయ్య ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, బెల్టు కట్టుకుని ఎక్కాడు. తీగకూ తీగకూ మధ్య కలిపే జంపర్లు విప్పి ఆ మూల ముక్కను మిగతా లైను నుంచి వేరు చేశాడు. వీధంతా చీకటి.

అప్పుడు అజాన్ వినిపించింది.

పుట్టినప్పటి నుంచి వింటున్న పిలుపు. వినగానే పెదవులు వాటంతటవే బదులు పలుకుతాయి. నేను సగం పలికి ఆగిపోయాను. వీధిలో కరెంటు లేదు, అజాన్ మాత్రం మైకులో వస్తోంది.

"కిష్టయ్యా, ఆగు! చెయ్యి పెట్టకు!"

తీగకు జానెడు దూరంలో అతని చెయ్యి ఆగింది.

"ఏమైందండీ?" అన్నారు రావుగారు. "లైన్ క్లియర్ తీసుకున్నాం కదా. ఫ్యూజులు అతని జేబులోనే ఉన్నాయి కదా. ఇంకా ఏమిటండీ?"

"టెస్టర్ పెట్టు కిష్టయ్యా. ముందు టెస్టర్ పెట్టు."

అతను టెస్టర్ కర్ర తీగకు ఆనించాడు. ఎర్ర దీపం వెలిగింది. అప్పుడే గమనించాను, మస్జిద్ పక్కన రెండు మూడు ఇళ్లలో బల్బులు మసక మసకగా వెలుగుతున్నాయి. మిగతా లైను నుంచి వేరు చేసిన ఆ చిన్న ముక్క మీద ఉన్నవి మస్జిద్, ఆ ఇళ్లు. అంత భారాన్ని మస్జిద్ జనరేటర్ సులువుగా మోస్తుంది. మామూలు రోజైతే వీధి మొత్తాన్ని మోయలేక ఆగిపోయేది. మేం జాగ్రత్త కోసం చేసిన పనే దానికి దారి ఇచ్చింది.

"సాబ్, నేను మనిషినా, కోతినా? ఎంతసేపు గిట్ల పట్టుకోని ఉండాలె?" పైనుంచి కిష్టయ్య.

"దేన్నీ ముట్టకుండ ఉండు. నేను వచ్చేదాక ఎవరు చెప్పినా వినకు. రావుగారు చెప్పినా వినకు."

రావుగారు నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. కానీ ఆయన కిష్టయ్యకు ఏమీ చెప్పలేదు. ఫోను మోగుతుంటే ఎత్తలేదు కూడా. ఆయన లెక్కలో ఈ సంగతి రాసి పెట్టాలి.

జనంలోంచి తోసుకుంటూ పరుగెత్తాను. మస్జిద్ ఆవరణలోకి చేరేసరికి జమాత్ నిలబడింది. హాఫిజ్ సాబ్ ముందు నిలబడి చదువుతున్నాడు. చివరి వరుస దాకా అందరూ నమాజులో ఉన్నారు. పిలిస్తే పలికేవాడు ఒక్కడూ లేడు, పలకకూడదు కూడా. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ హౌజ్ వెనక, రేకుల షెడ్డులో జనరేటర్ ఉంటుంది. నేను దాని తాళం తిప్పి ఆపి, చెవి తీసి జేబులో వేసుకున్నాను.

దీపాలు పోయాయి. పంఖాలు ఆగాయి. మైకు ఆగింది. హాఫిజ్ సాబ్ గొంతు ఆగలేదు. మైకులో ఎలా ఉందో అలాగే, చిన్నగా, చీకట్లో నడిచింది. మా గ్రంథంలోని ఆ ఆయత్ నాకు తెలుసు. చిన్నప్పుడు అక్కడ తప్పు చదివి ఆయన చేత తిట్లు తిన్నాను. ఒక్క క్షణం నిలబడ్డాను. మళ్లీ వీధిలోకి పరుగెత్తాను.

"ఇప్పుడు చూడు కిష్టయ్యా."

"దీపం లేదు సాబ్."

"మళ్లీ చూడు."

"లేదు సాబ్. తల్లి మీద ఒట్టు, లేదు."

అతను తీగకు ఎర్త్ వేసి, వెదురు కర్రతో పైకెత్తి కట్టాడు. తొట్టెల ఊగుతూ మూల తిరిగింది. వేపకొమ్మలు తీగను రాసుకుంటూ పోయాయి. మల్లేశన్నకు ఏం జరిగిందో తెలియదు. చెమటతో తడిసిన మొహంతో నా పక్క నుంచి పోతూ, "సాబ్, జెర జల్దీ చేస్తే ఏమాయె! భుజాలు ఇరిగినయ్ గద!" అన్నాడు. తొట్టెల వెనక తల్లి చంకలో మనుమరాలు నిద్రపోతోంది.

నాకు జమాత్ తప్పింది. మగ్రిబ్ వేళ చాలా చిన్నది. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె పక్కన పేపరు పరుచుకుని ఒక్కణ్ణే చదువుకున్నాను.

సదర్ సాబ్ కోపం

తాళం చెవి తిరిగి ఇవ్వడానికి వెళ్లేసరికి సదర్ సాబ్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఇంకో పదిమంది.

"దాటిందా వాళ్లది?"

"దాటింది సదర్ సాబ్."

"జులూస్‌కు దారి, అల్లా ఇంటికి చీకటి. శభాష్ మియా."

"పైన మనిషి ఉన్నడు. మన మెషీన్ కరెంటు తీగలోకి వచ్చింది. నేను మీకు చేంజోవర్ సంగతి—"

"నాకు కరెంటు పాఠం చెప్పకు. బూట్లతోని వచ్చినవ్. జమాత్ నిలబడ్డది, నువ్వు బూట్లతోని లోపలికి వచ్చి దీపం ఆర్పినవ్. హాఫిజ్ అంటరు నిన్ను!"

నేను తాళం చెవి ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను. ఆ ఏటి రంజాన్‌కు తరావీ వినిపించడానికి వేరే అబ్బాయిని పెట్టారు. బాగా చదివాడు. నేను రెండో వరుసలో నిలబడి విన్నాను. ఆ తర్వాత ఏ రంజాన్‌లోనూ నన్ను పిలవలేదు.

సదర్ సాబ్ చెడ్డవాడని ఇక్కడ రాస్తే అది అబద్ధం అవుతుంది. మస్జిద్‌లో ఒక చాప చిరిగినా ఆయనకు నిద్ర పట్టదు. తన ఇంట్లో దీపం ఎవరో వచ్చి ఆర్పినట్టు ఆయనకు అనిపించింది. అక్కడ స్విచ్ లేకపోవడం తన పొరపాటని ఆ కోపంలో కనిపించలేదు. మీ ఉద్యోగంలో మిమ్మల్ని బాధపెట్టేవాళ్లలో చాలామంది ఇలాంటివాళ్లే ఉంటారు. తమది అనుకున్నదాన్ని గట్టిగా ప్రేమించేవాళ్లు. వాళ్లతో వాదించి గెలవలేరు. గెలవాల్సిన అవసరం కూడా లేదు. స్తంభం పైన ఉన్నవాడు దిగివచ్చాడా లేదా, అది చూసుకోండి.

జేబు

శుక్రవారం నమాజు అయ్యాక హాఫిజ్ సాబ్ నన్ను, సదర్ సాబ్‌ను ఆగమన్నాడు. బార్కస్ నుంచి వచ్చి మా దగ్గర అజాన్ ఇచ్చే యూసుఫ్ భాయ్ కూడా ఉన్నాడు. ఆ సాయంత్రం జనరేటర్ ఆన్ చేసింది అతనే. తలెత్తడం లేదు.

"ఆ స్తంభం ఎక్కినాయన తీగ పట్టుకోని ఉంటే ఏమైతుండె?" అని హాఫిజ్ సాబ్ నన్ను అడిగాడు.

"పోయేటోడు."

ఆయన గడ్డం సవరించుకున్నాడు. నేను చేసింది సరైనదని అనలేదు. "బూట్లు ఇప్పి రావాలె మియా. అంత తొందరలో గూడ," అన్నాడు. సదర్ సాబ్ మొహంలో కొంచెం తృప్తి కనిపించింది. తర్వాత హాఫిజ్ సాబ్ ఆయన వైపు తిరిగి, "మన మెషీన్ ఒక మనిషిని చంపుతుండె. మనం సజ్దాలో తల నేలకు ఆనించి ఉండగ చంపుతుండె. మనకు తెలుస్తనే లేకుండె," అన్నాడు.

"మీ పనిలో ఎక్కేటోడు ఫ్యూజు ఎక్కడ పెట్టుకుంటడు?" హాఫిజ్ సాబ్ మళ్లీ నన్నే అడిగాడు.

"జేబులో."

"అయితే మన మెషీన్ తాళం చెవి గూడ ఆయన జేబులోనే ఉండాలె. యూసుఫ్, వచ్చే బోనాలకు ఆయన స్తంభం ఎక్కకముందే నువ్వే పోయి ఇయ్యి. దిగినంక ఆయనే తెచ్చిస్తడు. అప్పటి దాక చీకట్లో చదువుకుందం. చీకట్లో చదివితే అల్లాకు కనిపియ్యమా ఏంది?"

మరుసటి ఏడు యూసుఫ్ భాయ్ తాళం చెవి పట్టుకుని వచ్చాడు. కిష్టయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మస్జిద్ తాళం నా జేబుల ఉన్నదంటే మా ఇంట్ల నమ్మరు," అని ఫ్యూజుల పక్కన వేసుకున్నాడు. పని అయ్యాక చేతులు కడుక్కుని, గేటు బయటే నిలబడి యూసుఫ్ భాయ్‌ను పిలిచి ఇచ్చాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ అలాగే నడిచింది. బోనాల సాయంత్రం మా మస్జిద్‌లో అజాన్ మైకు లేకుండా ఇస్తారు. చుట్టుపక్కల వాళ్లకు అలవాటైపోయింది. ఎందుకో కొత్తవాళ్లకు తెలియదు.

నేను రిటైరయ్యే ముందే చేంజోవర్ స్విచ్ కూడా వచ్చింది. పెట్టేటప్పుడు నేను దగ్గర ఉండి చూశాను. సరిగ్గా పెట్టారు. ఇంజనీరుగా చెప్పాలంటే ఇక తాళం చెవి ఇవ్వాల్సిన పని లేదు. అయినా హాఫిజ్ సాబ్ ఉన్నంతకాలం ఇచ్చారు. పోయిన చలికాలంలో ఆయన చనిపోయారు. యూసుఫ్ భాయ్ అంతకుముందే బార్కస్‌లోని కొడుకు ఇంటికి వెళ్లిపోయాడు. ఇక ఆ అలవాటు ఆగిపోతుందనుకున్నాను. అవసరం తీరిన అలవాట్లు ఆగిపోతాయి, అది సహజం.

ఈ బోనాలకు నేను డ్యూటీలో లేను. మగ్రిబ్‌కు కొంచెం ముందే వెళ్లి మస్జిద్ గేటు దగ్గర నిలబడ్డాను. నా చోటికి వచ్చిన కొత్త ఇంజనీరు ఎవరో కుర్రవాడు, బాగానే చేస్తున్నాడు. కిష్టయ్య జుట్టు తెల్లబడింది. అతనికీ ఇదే ఆఖరి పండుగ డ్యూటీ. ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని బెల్టు బిగించుకుంటున్నాడు. వీధి చీకటైంది.

మస్జిద్ లోపలి నుంచి సదర్ సాబ్ వచ్చాడు. చేతికర్ర ఊపుకుంటూ, ఆయాసపడుతూ నన్ను దాటి స్తంభం దాకా నడిచాడు. తాళం చెవి ఉన్న చెయ్యి కిష్టయ్య ముందుకు చాపాడు.

"పెద్దసాబ్, మీకెందుకు తిప్పలు? స్విచ్ పెట్టిన్రు గద," అన్నాడు కిష్టయ్య.

"స్విచ్ సంగతి నాకు తెల్వది. జేబుల వేసుకో. దిగినంక తెచ్చియ్యి."

కిష్టయ్య వేసుకున్నాడు. పైనుంచి ఒకసారి తట్టి చూసుకున్నాడు. ఎక్కాడు.

అజాన్ మొదలైంది. మైకు లేదు, గొంతు ఒక్కటే. నేను అలవాటు కొద్దీ పైకే చూస్తున్నాను. కిష్టయ్య టెస్టర్ ఆనించాడు. దీపం లేదు. మళ్లీ ఆనించాడు. వీధి మలుపులో డప్పులు దగ్గరవుతున్నాయి.

సదర్ సాబ్ తిరిగి వస్తూ నా దగ్గర ఆగాడు. ఆ సాయంత్రం తర్వాత ఇన్నేళ్లలో సలాముకు బదులు తప్ప ఆయన నాతో మాట్లాడింది లేదు.

"ఏం మియా, ఇంక తీగలే చూస్తవా? జమాత్ నిలబడుతున్నది."

నేను చెప్పులు విప్పి, వజూ చేసుకుని, లోపలికి వెళ్లి వరుసలో నిలబడ్డాను. బయట డప్పులు వచ్చాయి, మూల దగ్గర కాసేపు ఆగాయి, సాగిపోయాయి. నేను తల తిప్పలేదు.